గంగాధరం ఒక్కడే ఎగరేసిన విమానం

హైమావతి మోకాళ్ళ దాకా ఇనుముగా మారిన ఆదివారం నాడు గాలి చాలా నిలకడగా ఉండటంతో, ఆమె భర్త గంగాధరం విమానాన్ని ఇంకో రెండు విడతలు ఎగరేసి, ఆ తర్వాతే ఆమెను ఇంటికి తీసుకొచ్చాడు.

విమానమంటే మనుషులెక్కేది కాదు. తేలికపాటి చెక్కతో చేసిన బొమ్మవిమానం. ముక్కున బుల్లి ఇంజను ఉంటుంది. రెక్క చివర నుంచి రెండు సన్నటి ఉక్కుతీగలు బయల్దేరి, మైదానం మధ్యలో నిలబడ్డ మనిషి చేతిలోని పిడి దాకా వస్తాయి. పిడిని పైకి వంచితే విమానం లేస్తుంది, కిందికి వంచితే వాలుతుంది. మనిషి ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంటాడు, విమానం అతని చుట్టూ తిరుగుతుంటుంది. ఇంధనం అయిపోగానే దిగిపోతుంది. ఎంత ఎగిరినా ఎక్కడికీ పోదు. విద్యుత్ కార్యాలయంలో బిల్లుల విభాగం చూసే గంగాధరానికి ఈ గుణం బాగా నచ్చింది.

చిక్కంతా మొదలుపెట్టడంలో ఉంది. ఇంజను అంటుకోగానే విమానం తాడు తెంపుకునే దూడలా ముందుకు గుంజుతుంది. ఎగరేసేవాడు దాన్ని వదిలి మధ్యకు నడిచివెళ్ళి, తీగలు మెలిపడ్డాయేమో చూసుకుని, పిడికి కట్టిన తాడును మణికట్టుకు తగిలించుకుని, అప్పుడు పిడి పట్టుకోవాలి. అంతసేపూ తోకను ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఎవరూ లేనివాళ్ళు నేలలో ఇనుపమేకు దిగ్గొట్టి, దాని కొక్కేనికి తోకను తగిలించి, కొక్కెం నుంచి మధ్య దాకా ఒక పొడుగాటి తాడు వేసుకుంటారు. పిడి చేతికొచ్చాక తాడు లాగితే కొక్కెం ఊడుతుంది, విమానం లేస్తుంది. ఈ మేకును తీగవిమానాల శాఖవారి భాషలో ఆసరా అంటారు.

గంగాధరం కూడా పాత కిటికీ చువ్వతో ఒక ఆసరా చేసుకున్నాడు. కానీ కాకినాడ నేల ఇసుక నేల. మేకు పట్టు నిలవలేదు. ఒకసారి మేకుతో సహా లేచిన విమానం, మైదానం గోడ అవతలి ఇంటి బేబమ్మగారి దండెం మీది దుప్పటిని చీల్చుకుని పోయింది. ఆ సాయంత్రమే అతను భార్యను పిలిచాడు.

"హైమా, రెండు నిమిషాలు పట్టుకుందూ."

హైమావతి బీయస్సీ చదివింది. చారు కింద పొయ్యి కట్టేసి వచ్చింది. విమానం వెనక మోకాళ్ళ మీద కూర్చుని తోకను రెండు చేతులా పట్టుకుంది. భర్త తలాడించగానే వదిలింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం వదులుతూనే ఉంది. మేకు చేసే పని మనిషి చేస్తే ఎంత నమ్మకంగా ఉంటుందో గంగాధరం స్నేహితులకు తరచూ చెప్పేవాడు. మేకు కంటే మనిషిని నేలలో దించడం సులువనీ, దానికి సుత్తి కూడా అక్కర్లేదనీ అనుభవం మీద గ్రహించాడు.

కాళ్ళు ఇనుమైన మర్నాడు సందు చివరి డాక్టరుకు చూపించారు. కుర్రవాడు. స్కూటరు తాళంతో హైమావతి పిక్క మీద కొట్టి చూశాడు. టంగుమంది.

"నొప్పుందా అమ్మా?"

"లేదండి. బరువంతే."

"బరువు మామూలేనండి. ఆడవాళ్ళందరికీ ఐరన్ తక్కువని రాసీ రాసీ నా చెయ్యి పడిపోతోంది. మీకా బాధ తప్పింది."

తర్వాత కుర్చీ దగ్గరకు లాక్కుని విషయం వివరించాడు. ఏదైనా ఒకదాన్ని చాలాకాలం పట్టుకుని ఉండేవాళ్ళకు ఇది వస్తుంది. సామర్లకోటలో ఒకావిడ, భర్త సున్నాలు వేస్తుంటే నిచ్చెన పట్టుకునేది. నడుము దాకా వచ్చేసింది. పని ముగిశాక మేస్త్రీ ఎందుకో ఆవిడ పేరు కూడా పనివాళ్ళలో కలిపి రాశాడు. నెల తిరిగేసరికి కాలిగోళ్ళతో సహా మెత్తబడింది. మందంటూ ఉంటే అదొక్కటే. పట్టుకున్నది మనిషి అని అధికారికంగా ఎవరో ఒకరు రాయాలి.

"పరికరం అని రాస్తేనో?" అని అడిగింది హైమావతి.

"అప్పుడు మెడ దాకా వస్తుందండి. ఆ పైకీ వస్తుంది."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఇంక నా దగ్గరకు రానక్కర్లేదు. తుప్పు చూసుకుంటే చాలు."

ఇంటికొచ్చాక గంగాధరం భార్య పాదాలకు కొబ్బరినూనె రాశాడు. పెళ్ళయ్యాక అతను ఆమె కాళ్ళు పట్టుకోవడం అదే మొదలు. వేళ్ళ సందుల్లో కూడా శ్రద్ధగా రాశాడు. అతను చెడ్డవాడని ఎవరూ అనలేదు, హైమావతి కూడా అనుకోలేదు. ఆమె వంటింట్లో నడుస్తుంటే మాత్రం గచ్చు పెచ్చులు లేచేది. టీవీ సీరియల్ ముందు కూర్చున్న అత్తగారు విసుక్కునేది.

"కాస్త నెమ్మదిగా నడవ్వే తల్లీ. ఆ పిల్ల ఏం చెప్పి ఏడుస్తోందో ఒక్క ముక్క వినపడి చావడం లేదు."

వర్షాకాలం ముగిసేసరికి ఇనుము నడుము దాకా వచ్చింది. ఒక ఆదివారం విమానం లేచాక హైమావతి లేవలేకపోయింది. మోకాళ్ళు నేలలో దిగిపోయాయి. గంగాధరం చంకల కింద చేతులు వేసి లాగాడు. కదల్లేదు. ఇసుక నేలలో ఇంత గట్టిగా దిగడం అతనికి ఆశ్చర్యం కలిగించింది. అటూ ఇటూ ఊపి చూశాడు. చూసినకొద్దీ అతని ముఖంలో ఆందోళన తగ్గుతూ వచ్చింది.

మనిషి ఇంటికి రాలేనప్పుడు ఇల్లే మనిషి దగ్గరకు రావాలన్నది అత్తగారి ఆలోచన. మర్నాడే గ్యాసు పొయ్యి, పోపులపెట్టె, కత్తిపీట, బియ్యం డబ్బా మైదానానికి చేరాయి. అన్నీ హైమావతి చేతికందేలా అర్ధచంద్రాకారంగా అమర్చారు. గ్యాసు కంపెనీవాళ్ళు చిరునామా మార్చుకోవడానికి ఏ అభ్యంతరమూ చెప్పలేదు. పాలవాడు గోడ దగ్గర సైకిలు ఆపి అక్కణ్ణుంచే గిన్నెలో పోసేవాడు. విమానం తిరిగే వలయంలోకి వస్తే అది తగులుతుందని అతనికి తెలుసు. ఎండకు గంగాధరం ఒక గొడుగు పాతాడు. విమానం తిరిగే ఎత్తు లెక్కచూసి, దానికి అడ్డం రాకుండా గొడుగు కర్రను కాస్త కురచ చేశాడు. అందువల్ల ఎండ హైమావతి ముఖం మీద పడేది కానీ తోక మీద పడేది కాదు.

అత్తగారు రోజూ క్యారేజీలు తీసుకోవడానికి వచ్చినప్పుడు కాసేపు కూర్చునేది. "ఒకందుకు ఇదే నయం. ఇదివరకైతే ఏ గదిలో ఉన్నావో అని పిలిచీ పిలిచీ గొంతు పోయేది" అనేది.

బేబమ్మగారు ఒక్కతే ఈ ఏర్పాటును మెచ్చలేదు. దుప్పటి చిరిగిన నాటి నుంచీ ఆవిడకు ఆ విమానమంటే పడదు. గోడ మీదుగా వంగి, వచ్చేపోయేవాళ్ళకు వినపడేలా మాట్లాడేది.

"ఏవిటే హైమా ఇదీ? నువ్వు కాళ్ళు ముడుచుక్కూర్చుంటే ఆ మహానుభావుడు మధ్యలో నిలబడి గిర్రున తిరగడం! కళ్ళు తిరిగి పడనైనా పడడేం?"

"అలవాటైపోయిందండి పిన్నిగారూ."

"ఆయనకా, నీకా?"

హైమావతి పోపు వేగనిచ్చింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే పోపు మాడిపోతుంది.

ఇలా ఉండగా తీగవిమానాల శాఖవారు కొత్త నిబంధన తెచ్చారు. ఇక మీదట మున్సిపల్ మైదానాల్లో ఒంటరిగా ఎగరేసేవాళ్ళు ఏకవ్యక్తి అనుమతి తీసుకోవాలి. తనిఖీ అధికారి స్వయంగా వచ్చి చూస్తాడు. వలయం దగ్గర రెండో మనిషి ఉంటే ఆ మనిషి పేరు సహాయకులుగా నమోదు చేసి, అనుమతి నిరాకరిస్తాడు. ఎవరూ లేకపోతే ఆసరాకు ఇత్తడి బిళ్ళ కొట్టి, పరికరంగా గుర్తించి, అనుమతి ఇస్తాడు. సహాయకులతో ఎగరేసేవాళ్ళకు వేరే అనుమతి ఉందిగానీ, దానికి ఇంకో పెద్ద మైదానం కావాలి. అలాంటిది జిల్లాలో లేదు.

ఆ కబురు గంగాధరమే భార్యకు చెప్పాడు. మైదానంలో ఆమె ఎదుట కూర్చుని అన్నం తింటూ, పళ్ళెంలోకి చూస్తూ చెప్పాడు.

"నీకేం చెప్పాలనిపిస్తే అది చెప్పు హైమా. నేను అడ్డం రాను. డాక్టరు చెప్పింది నాకూ గుర్తుంది."

"అనుమతి రాకపోతే ఏం చేస్తారు?"

"ఏం చేస్తాను? విమానం అమ్మేస్తాను. ఆదివారాలు ఇంట్లో కూర్చుంటాను."

హైమావతి ఇది కూడా ఆలోచించింది. ఆదివారం పూటంతా ఇంట్లో కూర్చున్న గంగాధరాన్ని ఊహించుకుంది. మళ్ళీ పాదాల వేళ్ళు కదుపుకోవడాన్ని ఊహించుకుంది. రెండోది ఎక్కువ సేపు ఊహించుకుంది. ఎడమకాలి చిటికెన వేలికి ఎప్పుడూ గడప తగిలేది. ఆ నొప్పి ఎలా ఉండేదో గుర్తు చేసుకోబోతే సరిగా గుర్తు రాలేదు. అప్పుడు మొదటిసారి ఆమెకు భయం వేసింది.

"కూర ఇంకాస్త వెయ్యనా?" అని అడిగింది.

"కొంచెం" అన్నాడు గంగాధరం.

బేబమ్మగారు శిక్షణ మొదలుపెట్టింది. పెద్ద విషయం కాదు. అధికారి వచ్చి, ఎవరైనా ఉన్నారా అని అడుగుతాడు. నేనున్నానండి అని చెప్పాలి. అంతే. రాతకోతలన్నీ ఆయనే చూసుకుంటాడు.

"ఏదీ, అను."

"నేనున్నానండి."

"అదేవిటే, ఎవరికో క్షమాపణ చెప్పినట్టు! గట్టిగా అను. ఆఫీసర్లకి గట్టిగా చెబితేగానీ ఎక్కదు."

"నేనున్నానండి!"

"ఆఁ, అదీ! ఇంకోసారి. ఆ గరిటె కింద పెట్టి అను."

వారమంతా హైమావతి సాధన చేసింది. బియ్యం కడుగుతూ అంది, పప్పు మెదుపుతూ అంది. క్యారేజీల కోసం వచ్చిన అత్తగారు విని, "ఉన్నావని తెలుసు కదే, దానికంత అరుపెందుకు?" అంది. శనివారం నాటికి మాట ఎంత తేటగా వస్తోందంటే, గోడ మీద కాకి ఎగిరిపోయింది. ఆ సాయంత్రం పొట్ట దగ్గర ఇనుము అంచు కొద్దిగా మెత్తబడినట్టు ఆమెకు అనిపించింది. వేలితో నొక్కి చూసుకుంది. నిజమే. చాలా కొద్దిగా. అందుకని ఎవరికీ చెప్పలేదు.

తనిఖీ అధికారి పట్టాభి ఆదివారం ఉదయం గొడుగు వేసుకుని వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు వలయం బయట విడిచి లోపలికి వచ్చాడు. ముందు తీగలు చూశాడు. ఎక్కడా మెలి లేదు, తుప్పు లేదు. పిడి పట్టుకుని గట్టిగా గుంజి చూశాడు. మణికట్టు తాడు ముడి చూసి, "దీన్ని చాలామంది అశ్రద్ధ చేస్తారండి. పిడి జారితే విమానం జనం మీదకు పోతుంది. ముందు తాడు, తర్వాత పిడి, ఆ తర్వాతే ఆసరా విడుదల. ఈ వరస తప్పకూడదు" అన్నాడు. గంగాధరం అలాగేనన్నాడు. చుట్టుపక్కల కరెంటు తీగలు ఎంత దూరంలో ఉన్నాయో పట్టాభి అడిగాడు. అది గంగాధరం సొంత శాఖ కాబట్టి జవాబు వివరంగా వచ్చింది.

ఆ తర్వాత ఆసరా దగ్గరకు వచ్చాడు. హైమావతి భుజం పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపాడు.

"బాగా దిగిందండి. ఈ నేలలో ఇంత పట్టు నేనెక్కడా చూళ్ళేదు. ఎన్నాళ్ళయింది?"

"పెళ్ళయిన దగ్గర్నుంచీ అండి" అన్నాడు గంగాధరం.

"ఆయ్. గుడ్డ కూడా చుట్టారు, మంచిపని. ఎండకి వేడెక్కితే విడుదల సమయంలో తేడా వస్తుంది."

అది హైమావతి కొత్త చీర. ఇవాళ్టి కోసమని బేబమ్మగారు గోడ మీదుగా అందించి, తనే వంగి చుట్టబెట్టింది. హైమావతి కాఫీ కలిపి గ్లాసు అందించింది. పట్టాభి అందుకుని తాగాడు.

"పంచదార సరిపోయిందాండి?" అని అడిగింది హైమావతి.

"కాఫీ చాలా బాగుంది గంగాధరం గారూ" అన్నాడు పట్టాభి.

గోడ దగ్గర బేబమ్మగారు రెండు చేతులూ పిడికిళ్ళు బిగించి నిలబడి ఉంది. పట్టాభి గ్లాసు కింద పెట్టి మూతి తుడుచుకున్నాడు. ఇక చివరి అంశం మిగిలిందన్నాడు. నిబంధన ప్రకారం ఇంజను వేసే ముందు, వలయం దగ్గర ఎవరైనా ఉన్నారేమో అడగాలి. ఉన్నవాళ్ళు తమంతట తామే చెప్పాలి. ఇంకొకరు చెబితే చెల్లదు. చివరి మాట అంటున్నప్పుడు ఆయన గోడ వైపు చూశాడు. బేబమ్మగారు అప్పటికే తెరిచిన నోరు మూసుకుంది.

మైదానం మధ్యలో గంగాధరం తల వంచుకుని నిలబడ్డాడు. ఆపనన్నాడు, ఆపలేదు కూడా. హైమావతి గరిటె కింద పెట్టింది. గొంతు సవరించుకుంది. మాట నాలుక చివరకు వచ్చి కూర్చుంది. పొట్ట దగ్గర మెత్తబడిన చోటు వెచ్చగా అనిపించింది. కాలివేళ్ళు లోపలెక్కడో నేల కింద, చాలా దూరంలో, తమ పేరు పిలుస్తారని ఎదురుచూస్తున్నట్టు ఉన్నాయి.

పట్టాభి రెండడుగులు వెనక్కి వేసి, గొడుగు చంకలో పెట్టుకుని, వేలి కణుపులతో గ్యాసు సిలిండరు మీద టకటకా కొట్టాడు. ఇంటింటి తనిఖీలు చేసిన రోజుల నుంచీ ఆయనకున్న అలవాటది. కొట్టి, మెడ చాచి పిలిచాడు.

"ఏవండీ! ఎవరైనా ఉన్నారాండీ?"

"ఎవరూ లేరండి" అంది హైమావతి.

మాట చాలా తేటగా వచ్చింది. గోడ మీది కాకి ఎగిరింది. హైమావతి నోరు ఇంకా తెరుచుకునే ఉంది, రెండో మాట కోసం. కానీ నిబంధనలో ప్రశ్న ఒక్కటే.

"మంచిదండి" అన్నాడు పట్టాభి తృప్తిగా. "చాలా చోట్ల సణుగుతారు. జవాబు ఇంత స్పష్టంగా వస్తే మాకూ పని సులువు. మా ఇంటికి ఎవరొచ్చినా మా ఆవిడ కూడా ఇదే చెబుతుంది. నేను లేనప్పుడు."

ఇంజను అంటుకుంది. గంగాధరం తోకను భార్య చేతుల్లో పెట్టి, మధ్యకు నడిచివెళ్ళి, తీగలు చూసుకుని, మణికట్టుకు తాడు తగిలించుకుని, పిడి అందుకున్నాడు. వరస తప్పలేదు. తలాడించాడు. హైమావతి చేతులు వాటంతటవే విడిపోయాయి. విమానం లేచింది. ఎండలో మెరుస్తూ గుండ్రంగా, నిండుగా తిరిగింది. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. "ఒక్కడే! చూడరా, ఎవరి సాయమూ లేకుండా ఒక్కడే ఎగరేస్తున్నాడు!" అని ఒకాయన పక్కాయనకు చెప్పాడు. పట్టాభి ఇత్తడి బిళ్ళ తీసి, ఎక్కడ కొట్టాలా అని చూసి, భుజం వెనక, కనపడని చోట బిగించాడు. చీర పాడవకుండా జాగ్రత్తపడ్డాడు.

విమానం దిగాక బేబమ్మగారు గోడ దిగి వచ్చింది. ఇనుము అప్పటికే కంఠం దాటుతోంది.

"ఎంత పని చేశావే! వారమంతా చెప్పించాను కదే! ఎందుకే అలా అన్నావు?"

హైమావతి ఆలోచించింది. ఆమెకు కూడా తెలుసుకోవాలనే ఉంది.

"తలుపు కొట్టి అడిగినట్టు అడిగారు పిన్నిగారూ" అంది. "నోటికి అదే వచ్చేసింది."

అంతలో ఇనుము పెదవులు దాటింది. బేబమ్మగారు చాలాసేపు అక్కడే నిలబడింది. హైమావతి చెంప మీద చెయ్యి వేసి చూసింది. ఎండకు కాలుతోంది. గొడుగును కాస్త ఇటువైపు వంచింది. ఇంతలో తమ ఇంటి కిటికీలోంచి, తన కళ్ళజోడు ఎక్కడుందో చెప్పమంటూ భర్త పిలవడంతో వెళ్ళిపోయింది.

గంగాధరం రాష్ట్రస్థాయి ఏకవ్యక్తి పోటీకి ఎంపికయ్యాడు. ఆసరా కదిలేది కాదు కాబట్టి పోటీనే కాకినాడలో పెట్టారు. చాలామంది వచ్చి చూసి, నేలలో ఇంత పట్టు ఎలా వచ్చిందని అడిగి తెలుసుకుని వెళ్ళారు. ఆ ఏడాది శాఖ వార్షిక నివేదికలో, ఎవరి మీదా ఆధారపడకుండా ఒంటరిగా ఎగరేసేవాళ్ళ సంఖ్య జిల్లాలో బాగా పెరిగిందనీ, యువతకు ఇది ఆదర్శమనీ రాశారు. ఆ ఒంటరివాళ్ళందరూ వివాహితులే కావడం మాత్రం అధికారులకు కొంత వింతగా తోచింది. కారణం తెలుసుకోవడానికి ఒక ఆదివారం ఉదయం, మగవాళ్ళు తీగలు పరుచుకోవడానికి విమానాలతో ముందే మైదానాలకు బయల్దేరిన వేళ, సిబ్బందిని ఇంటింటికీ పంపారు.

ప్రతి ఇంటా కొట్టగానే తలుపు తెరుచుకుంది. ఇంట్లో ఎవరూ లేరని చెప్పారు. ఎండన పడి వచ్చారు కదా అని మంచినీళ్ళిచ్చారు. కొందరు మజ్జిగ ఇచ్చారు. ఆదివారాలు మనుషులు దొరకడం కష్టమని సిబ్బంది ఒకరితో ఒకరు అనుకుంటూ, గ్లాసులు తిరిగి వాళ్ళ చేతికే ఇచ్చి, పక్కింటి తలుపు కొట్టారు.